పల్లవి దగ్గర తొందర

బావ వాయించిన డ్రమ్స్‌ని సర్దుబాటు ఏడేళ్ళుగా దొంగచాటుగా దిద్దుతున్నాడు. ఆ సంగతి బావకి తెలియదు, అక్కకి తెలియదు, స్టూడియో ఓనరుకి కూడా తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే, సర్దుబాటూ అతని కంప్యూటరూ. ఇద్దరికీ వాగే అలవాటు లేదు.

సర్దుబాటు అన్నది స్టూడియోవాళ్ళు పెట్టిన పేరు. పనిని బట్టి వచ్చిన పేరే. మూడో అంతస్తులో, గోడలకి నురుగు పలకలు అంటించిన, కిటికీ లేని గదిలో పొద్దున పదింటికి కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేస్తాడు. సోమవారం ఒకరు వాయించినదీ, గురువారం ఇంకొకరు పాడినదీ అతని దగ్గరికి వస్తాయి. ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరూ పక్కపక్కనే నడిచినట్టు వినపడాలి. తెర మీద సమాన దూరాల్లో నిలువు గీతలుంటాయి. నిమిషానికి తొంభై ఆరు దెబ్బల పాటయితే నిమిషానికి తొంభై ఆరు గీతలు. వాయించిన ప్రతి దెబ్బా చిన్న ముల్లులా లేచి కనపడుతుంది. ముల్లు గీత మీద ఉంటే తాళంలో ఉన్నట్టు. ఇవతల ఉంటే తొందరపడినట్టు, అవతల ఉంటే వెనకబడినట్టు. ఆ ముల్లుని పట్టుకుని గీత మీదికి లాగడమే అతని ఉద్యోగం.

మొదట్లో ఒక్కొక్క ముల్లునీ చేత్తోనే లాగేవాడు. అలా లాగుతూ లాగుతూ మనుషుల్ని చదవడం నేర్చుకున్నాడు. ఒక ఫ్లూటాయన పై స్వరం వచ్చేముందు ప్రతిసారీ జంకేవాడు, మెట్టు ఉందో లేదో కాలితో తడుముకున్నట్టు. ఒక గిటారు కుర్రాడు అద్దం అవతల ఎవరైనా వచ్చి నిలబడితే ఉరకలేసేవాడు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించమంటే ఆ గిటారు కుర్రాడి గురించి సర్దుబాటు రెండు ముక్కలు కూడా చెప్పలేడు. తెర మీద చూపిస్తే మాత్రం వాడి కడుపులో భయం ఏ మూల దాక్కుందో చెప్పేస్తాడు. మనుషుల కంటే వాళ్ళ ముళ్ళే నయమని అతనికి ఎప్పుడో తోచింది. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా పెళ్ళి కాకపోవడానికి అదే కారణమని అక్క అంటుంది. "నీకు పిల్లని చూడటం ఎందుకురా, ఆ పిల్ల దగ్గుని రికార్డు చేసి పంపితే చాలు, సంబంధం కుదిరేదీ లేనిదీ చెప్పేస్తావు" అంటుంది.

బావ తొందర ఒకే ఒక్క చోట ఉండేది. చరణం పొడుగునా బుద్ధిమంతుడిలా నడిచేవాడు. చరణం ముగిసి పాట మళ్ళీ పల్లవికి తిరిగేటప్పుడు మాత్రం, దూరాన ఇంటి దీపం కనపడిన మనిషిలా అడుగు పెంచేవాడు. పెంచుతున్నానని తెలియకుండానే పెంచేవాడు. పాత ఆర్కెస్ట్రాల్లో అది ఎవరికీ పట్టేది కాదు, అందరూ ఆయనతో పాటే పరుగెత్తేవాళ్ళు. స్టూడియోలో అలా కుదరదు. తర్వాత వచ్చి వాయించే వయొలిన్లు గీతల ప్రకారం వస్తాయి.

ఏడేళ్ళ కిందట బావ మొట్టమొదటి రికార్డింగు వినగానే ఓనరు పెదవి విరిచాడు. "మీ బావ మంచోడే కానీ పల్లవి కనపడితే ఆగడయ్యా. రేపు ఇంకొకర్ని పిలుద్దాం" అన్నాడు.

"ఇంకో టేకు కూడా వాయించాడండీ. రేపు అది వినండి" అన్నాడు సర్దుబాటు.

రెండో టేకు లేదు. ఆ మధ్యాహ్నం భోజనం మానేసి సర్దుబాటే దాన్ని తయారు చేశాడు, నాలుగు వందల పన్నెండు ముళ్ళని ఒక్కొక్కటిగా లాగి. తయారయ్యాక దాన్ని అసలు దాని మీదే సేవ్ చేశాడు. అసలుది మిగిలి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వింటారని భయం. దొంగతనం చేసినవాడు అడుగుజాడలు చెరిపేసుకున్నట్టు, తర్వాత కూడా ప్రతి పాటకీ అలాగే చేశాడు.

ఆ పాట బాగా ఆడింది. పాటతో పాటు బావ పేరు కూడా ఆడింది. మనిషి కాదు గడియారం అన్నారు. కొన్నాళ్ళకి 'మనిషి కాదు' అన్నది రాలిపోయి గడియారం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు బావని అందరూ గడియారంగారు అనే పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా సర్దుబాటు లోపల ఒక తియ్యటి నొప్పి కదిలేది. చేసిన దానం చెప్పుకోకపోతే వడ్డీలా పెరిగే సుఖం ఒకటుంటుంది. ఆదివారాలు అక్క ఇంట్లో భోజనాల దగ్గర, కాలప్రమాణం అంటే ఏమిటో బావ అతనికి పాఠం చెబుతుంటే, తల వంచుకుని వింటూ ఆ సుఖాన్ని అన్నంలో కలుపుకుని తినేవాడు. లోకంలో ఒక మనిషి తనవల్ల నిలబడి ఉన్నాడు. ఆ మనిషి తనకి పాఠాలు చెబుతున్నాడు. ఇంతకంటే ఏం కావాలి?

తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కొత్త సదుపాయం వచ్చింది. ముళ్ళని ఒక్కొక్కటిగా లాగక్కర్లేదు. అన్నింటినీ ఎంచి ఒక్క మీట నొక్కితే చాలు, బడి గంట విన్న పిల్లల్లా ఎక్కడివక్కడ గీతల మీద నిలబడతాయి. అది వచ్చి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ బావ పాట రాగానే, ఇంకా వినకముందే, మీట నొక్కి సేవ్ చేసేస్తున్నాడు. ఏం ఉంటుందో తెలిసిన ఉత్తరాన్ని మళ్ళీ చదవడం ఎందుకు?

అంతా ఇలా సాగుతుండగా పెద్దావిడ దగ్గర్నుంచి కబురొచ్చింది.

పెద్దావిడ పాడటం మొదలుపెట్టి నలభై ఏళ్ళయింది. నలభై ఊళ్ళు తిరిగి నలభై కచేరీలు చేసి ఇక చాలిస్తానంది. వయొలిన్లూ కోరస్సూ వెంట తిప్పలేరు కాబట్టి అవన్నీ ముందే రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో పెడతారు. స్టేజి మీద ఆవిడ పాట, కీబోర్డు, డ్రమ్స్, అంతే. ల్యాప్‌టాప్‌లో వయొలిన్లు ఎవరికోసమూ ఆగవు. డ్రమ్స్ వాయించేవాడు ఒక్క దెబ్బ ముందుకెళితే పాట రెండు ముక్కలవుతుంది. అందుకని ఆవిడ గడియారంగారినే కావాలంది. ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోడానికి సర్దుబాటు. శనివారం రిహార్సల్‌లో కుదిరితే బావకి ఆ నలభై కచేరీలూ ఖాయం.

కబురు విన్న రోజు బావ చిన్నపిల్లాడైపోయాడు. "ఏడేళ్ళు అద్దం వెనక కూర్చుని వాయించానురా. ఇప్పుడు జనం ముందు. ఇది కుదిరితే ఇంక నాకేమీ అక్కర్లేదు" అన్నాడు. అక్క ఆయన ఇస్త్రీ చొక్కాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

సర్దుబాటు ఇంకో లెక్క మొదలుపెట్టాడు. జనం ముందు మీట నొక్కడానికి ఉండదు. మొదటి చరణం అయ్యేసరికి దీపం కనపడుతుంది, బావ పరుగెడతాడు, వయొలిన్లు వెనక ఉండిపోతాయి. పెద్దావిడ మధ్యలో నిలబడి ఎవరి వెంట వెళ్ళాలో తెలియక చూస్తుంది. ఏడేళ్ళ గడియారం ఒక్క నిమిషంలో పగిలిపోతుంది. పగిలితే దాని లోపల ఎవరి చేతులున్నాయో కూడా బయటపడుతుంది. ఈ రెండో భయం మొదటిదాని కంటే పెద్దదని తనకు తాను ఒప్పుకోలేదు. బావ కోసమే భయపడుతున్నానని చెప్పుకున్నాడు.

రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ వాడని ఒక మూల దానికి పనికొచ్చే సదుపాయం ఉంది. పెద్ద డ్రమ్ముకి చిన్న మైకు తగిలిస్తే ల్యాప్‌టాప్ ఆ చప్పుడు వింటూ, వాయించేవాడు ఎంత వేగంగా వెళితే తనూ అంత వేగంగా వెళుతుంది. బావ పరుగెడితే వయొలిన్లు కూడా పరుగెడతాయి, పాత ఆర్కెస్ట్రాలో లాగా. ఎవరికీ తెలియదు. బావ చెవిలో టిక్కు టిక్కుమని తాళం చెప్పే హెడ్‌ఫోన్ గురించి అతనికి బెంగ లేదు. బావ ఏనాడూ దాన్ని పెట్టుకోడు. మెడలో హారంలా వేలాడేసుకుని, "నాలో ఉందిరా టిక్కు, ఇదెందుకు?" అంటాడు.

రిహార్సల్ హాలు కుర్చీలు అద్దెకిచ్చే దుకాణం పైన ఉంది. మెట్లకి రెండు పక్కలా తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని తల ఎత్తు పేరుకున్నాయి. ఆ సందులోంచి బావా అతనూ పెద్ద డ్రమ్ముని పైకి మోశారు.

"కాస్త గట్టిగా పట్టరా. ల్యాప్‌టాప్ కాదిది, మూసి చంకలో పెట్టుకోడానికి" అన్నాడు బావ.

"అక్క మీద కోపమంతా దీని మీద చూపించీ చూపించీ ఇంత బరువెక్కించావు."

"మీ అక్క మీద కోపానికి ఇదొక్కటెక్కడ సరిపోతుంది? లారీడు కావాలి."

పైన ఒక పంకా కీచుమంటూ తిరుగుతోంది. సర్దుబాటు చెవి దానంతటదే దాన్ని కొలిచింది, నిమిషానికి డెబ్భై రెండు. మైకు తగిలిస్తుంటే బావ వంగి చూశాడు.

"ఇదేమిటి కొత్తగా?"

"చప్పుడు ఎంతొస్తోందో చూసుకోడానికి."

"నీ ఇష్టం. నాకు తెలిసింది కొట్టడమే."

పెద్దావిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, కాళ్ళకి మేజోళ్ళు. కీబోర్డు మాస్టారు లేచి నమస్కారం పెట్టి మళ్ళీ కూర్చున్నాడు. బావ హెడ్‌ఫోన్ తీసి రెండు చెవులకీ సరిగ్గా తగిలించుకున్నాడు.

అది సర్దుబాటు చూశాడు. చూసి, పెద్దావిడ ముందు వినయం నటిస్తున్నాడనుకుని లోలోపల నవ్వుకున్నాడు. మనుషుల్ని చదవగలనని నమ్మేవాడికి చదవడానికి అట్టే సేపు పట్టదు.

పాట మొదలైంది, తొంభై ఆరులో. తెర మూల ఆ అంకె వెలుగుతోంది. పల్లవి బాగుంది. చరణంలోకి వెళ్ళేసరికి అంకె తొంభై ఐదయింది. సర్దుబాటు పట్టించుకోలేదు. తొంభై నాలుగు. తొంభై రెండు. పరుగెత్తాల్సిన మనిషి నెమ్మదిస్తున్నాడేమిటని బావ వైపు చూశాడు. బావ కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా చెవి చేసుకుని వాయిస్తున్నాడు. అప్పుడర్థమైంది.

బావ ఆ టిక్కుని వింటున్నాడు. టిక్కు బావని వింటోంది. టిక్కు వినపడ్డాక కదా చెయ్యి పడేది, అందుకని బావ వెంట్రుకవాసి వెనక ఉన్నాడు. ఆయన నెమ్మదించాడనుకుని ల్యాప్‌టాప్ కాస్త తగ్గింది. టిక్కు తగ్గిందని బావ బుద్ధిగా ఇంకాస్త తగ్గాడు. ఆయన తగ్గాడని అది మళ్ళీ తగ్గింది. గుమ్మం ముందు నిలబడి మీరు ముందంటే మీరు ముందు అనుకునే ఇద్దరు మర్యాదస్తుల్లా, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ పాటని నేలలోకి దింపేస్తున్నారు.

ఎనభై ఆరు. ఎనభై ఒకటి. సర్దుబాటు మీట మీద వేలు పెట్టాడు, నొక్కలేదు. ఇప్పుడు ఆ లంకె తెంపితే పాట ఈ వేగం దగ్గరే ఉండిపోతుంది. తెంపకపోతే ఎక్కడిదాకా వెళుతుందో తెలియదు. వయొలిన్లు జ్వరం తగిలినట్టు మూలగసాగాయి. పెద్దావిడ ఒక్క మాటని సాగదీసి సాగదీసి, ఊపిరి చాలక మధ్యలో ఆగింది. చివరి అంకె డెబ్భై రెండు. పైన పంకా, కింద పాట మొదటిసారిగా తాళంలో కలిశాయి.

"అమ్మగారూ, ఇది జోలపాటని ముందే చెబితే దిండు తెచ్చుకునేవాణ్ణి" అన్నాడు కీబోర్డు మాస్టారు.

పెద్దావిడ నవ్వలేదు. ఫ్లాస్కు మూత తిప్పుతూ, "గడియారంగారూ, కీ ఇవ్వడం మర్చిపోయినట్టున్నారు" అంది.

బావ హెడ్‌ఫోన్ తీశాడు. సర్దుబాటు వైపు చూడలేదు, ల్యాప్‌టాప్ వైపు చూడలేదు. తన రెండు చేతుల వైపే చూసుకున్నాడు. ఆడలేనివాడు మద్దెల ఓడు అంటాడని సామెత. ఇక్కడ నిజంగానే ఓడు మద్దెలే, అయినా బావ మద్దెల పేరెత్తలేదు.

"నాదే పొరపాటు అయ్యుంటుందమ్మా" అన్నాడు.

"పది నిమిషాలు ఆగుదాం. ఇంకోసారి చూద్దాం. ఈసారి కూడా ఇలాగే అయితే ఏమీ అనుకోకండి నాయనా, నాకున్నది నలభై కచేరీలే. నేర్పుతూ కూర్చోలేను."

బావ మెట్ల దగ్గరికి వెళ్ళి, పేర్చిన కుర్చీల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. సర్దుబాటు హాల్లోనే కాసేపు ఉండిపోయాడు. చప్పుడు చెయ్యకుండా ఆ మైకు పీకేస్తే సరిపోతుంది. రెండోసారి కుదిరితే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ పీకేస్తే బావ పరుగెడతాడు కదా? నిజంగా పరుగెడతాడా? ఇందాక వాయించిన మనిషి పరుగెత్తేవాడిలా లేడు. టిక్కు ఎటు వెళితే అటు, గోడ పట్టుకుని నడిచే గుడ్డివాడిలా వెళ్ళాడు. అలా నడవడం ఎప్పుడు నేర్చుకున్నాడు? నాలుగేళ్ళుగా వినకుండా మీట నొక్కినవాడికి ఆ జవాబెలా తెలుస్తుంది?

అతను కూడా మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"నాకు టిక్కే నెమ్మదిగా వినపడిందిరా" అన్నాడు బావ, తిరగకుండానే. "చెవులు పోతున్నాయేమో. ఈ వయసుకే పోతాయా?"

"నీ చెవులు బాగానే ఉన్నాయి బావా. టిక్కే నెమ్మదిగా నడిచింది. నేనే అలా పెట్టాను."

"ఎలా పెట్టావు?"

"నిన్ను వినేలా పెట్టాను. నువ్వెంత వేగంగా వెళితే అదీ అంత వేగంగా వెళ్ళేలా."

"ఎందుకు?"

దీనికి జవాబు చెప్పాలంటే ఏడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. సర్దుబాటు ఎదురుగా ఉన్న కుర్చీల్ని లెక్కపెట్టాడు. ఒక వరసలో పద్దెనిమిది ఉన్నాయి.

"పల్లవి దగ్గర నువ్వు పరుగెడతావని."

"నేనా? ఏ రికార్డింగులో పరుగెత్తానురా?"

"ఏ రికార్డింగులోనూ ఉండదు. నేను తీసేస్తాను."

బావ ఇప్పుడు తిరిగాడు. కోపమొస్తుందని సర్దుబాటు చూశాడు, రాలేదు. సొంత ఇంట్లో ఇన్నాళ్ళూ ఇంకో గది ఉందని ఎవరో చెప్పినట్టు ఉంది ఆ మొహం.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి పాట నుంచి."

"అన్నీనా?"

"అన్నీ."

కింద దుకాణంలో ఎవరో కుర్చీలు విడదీస్తున్నారు. ఊడినదల్లా టప్పుమంటోంది. బావ తల వంచి ఆ చప్పుళ్ళు విన్నాడు. తర్వాత ముక్కుతో నవ్వాడు.

"మొదటి పాట రేడియోలో వచ్చినప్పుడు నేను మీ అక్కతో ఏమన్నానో తెలుసా? ఇంత నిలకడగా నేనా వాయించింది అన్నాను. మీరు కాక మీ తాత వాయించాడా అంది. సరే, ఏదో ఒక్కసారి కుదిరిపోయింది, మళ్ళీ కుదరకపోతే పరువు పోతుందని భయం పట్టుకుంది. ఆ పాట పెట్టుకుని, దానితో పాటు వాయించడం మొదలెట్టా. వెనక గదిలో, చెవులకి ఇదిగో ఈ హెడ్‌ఫోన్ పెట్టుకుని. తర్వాత వచ్చిన ప్రతి పాటకీ అంతే. రోజుకి రెండు గంటలు. మీ స్టూడియోలో మాత్రం మెళ్ళో వేసుకుని బడాయి పోయేవాణ్ణి."

"ఎందుకు?"

"గడియారంగారు టిక్కు వింటున్నారంటే నవ్వరట్రా? ఇవాళ ఆవిడ ముందు మాత్రం ఆ సాహసం చెయ్యలేకపోయాను."

సర్దుబాటు దొంగగా దిద్దిన పాటని బావ దొంగగా వల్లెవేశాడు. ఆ తర్వాత కూడా తను మీట నొక్కుతూనే ఉన్నాడు, సరిగ్గా ఉన్నదాన్నే సరిచేస్తూ, అన్నం తిన్నవాడికి అన్నం పెడుతూ. ఎన్నేళ్ళు? మూడా? నాలుగా? దానం పుచ్చుకునేవాడు ఎప్పుడు లేచి వెళ్ళిపోయాడో కూడా చూసుకోలేదు.

"పద. ఆవిడ చూస్తోంది" అన్నాడు బావ. "ఆ మైకు పీకెయ్యి."

పీకేశాడు. రెండోసారి పాట తొంభై ఆరులో మొదలై తొంభై ఆరులో ముగిసింది. చరణం చివర పల్లవి మలుపు వచ్చినప్పుడు సర్దుబాటు తెర మీదికి వంగాడు. బావ ఆ మలుపుని, ఉన్నట్టే తెలియనివాడిలా దాటేశాడు. ఒక్క దెబ్బ కూడా గీత తప్పలేదు. వయొలిన్లు ఎక్కడుండాలో అక్కడున్నాయి. సర్దుబాటుకి చెయ్యడానికి ఏమీ లేదు. తన బతుకులో ఇంత శుభ్రమైన పాట వినలేదనీ, ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేననీ ఒకేసారి అనిపించింది.

"మరి ఇందాక ఏమైంది?" అంది పెద్దావిడ.

సర్దుబాటు నోరు తెరిచాడు. ఈలోగా బావ అందుకున్నాడు. "కంప్యూటరు మొరాయించిందమ్మా. మావాడు సరిచేశాడు."

ఏడేళ్ళలో మొదటిసారి బావ అతని తప్పుని పట్టుకుని గీత మీదికి లాగాడు. ఎంత నేర్పుగా లాగాడంటే, కీబోర్డు మాస్టారు "అందుకే పక్కన ఇలాంటివాడు ఉండాలి" అని సర్దుబాటు భుజం తట్టాడు.

"అయితే గడియారంగారూ, రేపటి నుంచి రోజూ పదింటికి" అంది పెద్దావిడ. లేవబోతూ ఆగి సర్దుబాటు వైపు తిరిగింది. "ఇందాక తప్పు జరిగిందన్నారే, అది మొదలయ్యేటప్పుడు, బాగా నెమ్మదించకముందు, చరణంలో ఒక చోట నాకు ఊపిరి సరిపోయింది. ఈ పాట ముప్ఫై ఏళ్ళుగా పాడుతున్నా, అక్కడ ఎప్పుడూ సరిపోలేదు. అది ఎంతో చెప్పగలవా బాబూ?"

సర్దుబాటు చూసి చెప్పాడు. తొంభై రెండు. ఆవిడ ఆ పాటకి తొంభై రెండే ఉంచమంది. అతను రాసుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతని పొరపాటు ఒకటి ఖాయమవడం అదే మొదలు.

సాయంత్రం అక్క ఇంట్లో ముగ్గురూ వంటగదిలో చేరారు. అక్క చెక్క పలక మీద క్యారెట్లు తరుగుతోంది. బావ సంగతంతా చెప్పేశాడు, మెట్ల దగ్గర మాటలతో సహా. ఆవిడ అంతా విని, "ఇద్దరూ కలిసి ఏడేళ్ళు నాకు తెలియకుండా చేసిన ఘనకార్యం ఇదా? ఇంకేదో అనుకుని హడలిపోయాను" అని తన పనిలో పడింది.

బావ బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అన్నాడు, "అవి ఒకసారి వినిపించరా."

"ఏవి?"

"నేను నిజంగా వాయించినవి. నువ్వు దిద్దకముందువి. ఎలా వాయించేవాణ్ణో వినాలనుంది."

సర్దుబాటు మంచినీళ్ళ గ్లాసు ఎత్తాడు, తాగకుండానే దించాడు.

"లేవు బావా."

"అంటే?"

"దిద్దినదాన్ని అసలు దాని మీదే సేవ్ చేశాను. ఎవరికైనా దొరుకుతాయని."

"ఒక్కటి కూడా లేదా?"

"లేదు."

బావ తల ఊపాడు. కోపం లేదు. వేళ్ళు మాత్రం ఆగాయి. "పోనీలే. ఎలా ఉండేదో వాయించి చూపిస్తా ఉండు" అని రెండు చెంచాలు తీసుకుని బల్ల మీద ఆ మొదటి పాట ఎత్తుకున్నాడు. చరణం నడిచింది. పల్లవి మలుపు వచ్చింది. బావ పరుగెత్తాడు. కానీ ఆ పరుగు కూడా మెట్లు కట్టినట్టు కొలతగా వచ్చింది, ఒక్కొక్క దెబ్బా ఒకే పాళ్ళలో పెరుగుతూ. సర్దుబాటు చెవికి ఆ గీతలు కనపడ్డాయి. బావకి కూడా కనపడినట్టున్నాయి. చెంచాలు కింద పెట్టాడు.

"రావట్లేదురా. ఇది నేను కాదు, నువ్వు" అన్నాడు.

అక్క వాళ్ళకి వీపు పెట్టి, చెంచాలు వదిలేసిన పాటని నోట్లో సన్నగా కూనిరాగం తీస్తూ ఇంకో క్యారెట్ అందుకుంది. పెళ్ళైన కొత్తలో, ఒంటిగది ఇంట్లో, ఆ పాట ఇంకా స్టూడియోకి వెళ్ళకముందు, మంచం అంచు మీద బావ వాయిస్తుంటే ఆవిడ ఇలాగే కూరలు తరిగేది. ఆ తర్వాత వచ్చిన రికార్డుని ఆవిడ ఎప్పుడూ పట్టించుకుని వినలేదు. ఇంట్లో విన్నదే కదా అనేది.

కత్తి పలక మీద నెమ్మదిగా పడుతోంది. చరణం అంతా బుద్ధిగా పడింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి, ఆవిడకి తెలియకుండానే అడుగు పెంచింది. కొలత లేదు, మెట్లు లేవు. ఒక దెబ్బ ఇంకోదాని మీద పడబోయి తమాయించుకుని, ముక్కలు పలక మీంచి ఎగిరి, పల్లవిలోకి దాదాపు దూకేసింది.

బల్ల దగ్గర ఇద్దరూ కదల్లేదు.

"తొందరపడుతున్నావు" అన్నాడు బావ. ఏడేళ్ళ అలవాటు, నోరు ఊరుకోలేదు.

"పాట అంతే కదండీ" అంది అక్క, తిరగకుండా.

సర్దుబాటు జేబులోంచి ఫోను తీసి, రికార్డు మీట నొక్కి, చెక్క పలక పక్కన పెట్టాడు. అప్పటికే క్యారెట్ అయిపోయింది. అక్క కత్తి కడగబోయింది.

"ఇంకొకటి తరుగక్కా."

"ముగ్గురికి ఇవి చాలురా."

"చాలవు" అన్నాడు బావ, బుట్టలోంచి క్యారెట్ తీసి ఆవిడ చేతికి అందిస్తూ.